టైపు మాస్టారి మాటల నిచ్చెన

ప్లంబరు కూతురికి రావలసిన స్కూలు వ్యాను ఉద్యోగాన్ని టైపు మాస్టారు ఒక్క ఇంగ్లీషు మాటతో చెడగొట్టారని మా వీధిలో ఒక పుకారు తిరిగింది. తన బావమరిది కోసమే ఆ పని చేశారని దానికొక తోక. ఆయన దగ్గర పని జరిగే మాటలు వేరు, పని చెడే మాటలు వేరు ఉంటాయనీ, మనిషి మొహం చూసి మాట వేస్తారనీ ఆ తోకకి మరో తోక. ఇందులో ఎంత నిజం ఉందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ వీధిలో లేరు. ఎందుకంటే ఆ పుకారు బయల్దేరింది మా మెట్ల మీద నుంచే. కాబట్టి దాన్ని సరిచెయ్యడం కూడా నా మెడకే చుట్టుకుంది.

మాస్టారు అంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. ఏదో ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు వీధి మలుపులో ఉన్న జిరాక్సు షాపులో ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంటారు. ఎదురుగా కంప్యూటరున్నా, పాత మిషను అలవాటు పోక, మీటల్ని మేకులు దిగ్గొట్టినట్టు కొడతారు. మనం తెలుగులో చెప్పుకుంటాం, ఆయన ఇంగ్లీషులో కొడతారు. అర్జీలు, ఫిర్యాదులు, ఫలానా మనిషి నాకు తెలుసు, మంచివాడు అని ఇచ్చే ఉత్తరాలు, అన్నీ ఆ మూల నుంచే వెళ్తాయి.

మనిషి నవ్వరు. చొక్కా పై గుండీ ఎండాకాలంలో కూడా విప్పరు. ఏదైనా అడిగితే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తిరిగి పెట్టుకుని, అప్పుడు జవాబిస్తారు. ఆ తుడిచే కాస్త వ్యవధిలో ఏం కల్పిస్తున్నారో అని నాకు మొదట్నుంచీ అనుమానం. నాకు తెలిసి నిజం చెప్పేవాడికి అద్దాలు తుడుచుకునే అవసరం రాదు.

ఇక ప్లంబరు కూతురు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. రెండేళ్ళుగా బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యాను నడుపుతోంది. తెల్లారేసరికి నలభై షాపులకి రొట్టెలు దింపుతుంది. వీధిలో అందరూ దాన్ని గేరు అంటారు, అది పలుకుతుంది కూడా. మా మనవరాలు మూడో తరగతి చదివే స్కూల్లోనే వ్యాను డ్రైవరు మానేస్తున్నాడని తెలిసి అర్జీ పెట్టింది. ఆ స్కూలు వాళ్ళు ఒక షరతు పెట్టారు. వ్యాను తిరిగే వీధుల్లో ఉండే ముగ్గురు పెద్దమనుషులు ఈమెను బలపరుస్తూ ఉత్తరాలివ్వాలి. ఆ ఉత్తరాలు కవర్లో పెట్టి అంటించి పంపాలి, అర్జీ పెట్టిన మనిషి చూడకూడదు.

గేరు ముగ్గుర్ని అడిగింది. మందుల షాపాయనని, మా బిల్డింగు కమిటీ ప్రెసిడెంటుని, నన్ను. ముగ్గురమూ వేరువేరు రోజుల్లో మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాం, సంతకం పెట్టాం. నా ఉత్తరం అందరికంటే పొడుగు. అరగంట చెప్పాను. దాని తండ్రి బిగించిన కొళాయి పదేళ్ళయినా కారదని, దాని తల్లి పంపు దగ్గర పొరుగువాళ్ళతో ఏనాడూ గొడవ పడలేదని, ఆ పిల్ల చిన్నప్పుడు మా ఇంట్లో పారేసుకున్న చెవిపోగు నేనే వెతికిచ్చానని, అన్నీ చెప్పాను. మాస్టారు ఓపిగ్గా విన్నారు. ఆ ఓపిక మీద కూడా నాకు అనుమానం వచ్చింది కానీ అప్పుడు పైకి అనలేదు.

బుధవారం మధ్యాహ్నం గేరు మా మెట్ల మీద కూలబడింది. ఏడవలేదు. ఆ పిల్ల ఏడవదు, తాళంచెవుల గుత్తిని ఒక్కో తాళంచెవి చొప్పున తిప్పుతుంది.

"ఏమైందే?" అన్నాను.

"స్కూలు ఆఫీసులో క్లర్కమ్మ చెప్పింది, మామ్మా. మూడింట్లో ఒక ఉత్తరం బలంగా లేదట. ఇచ్చినవాళ్ళు నా వెనక నిలబడినట్టు లేదు, తప్పుకున్నట్టుంది అంది. సోమవారంలోగా ఇంకో మంచి ఉత్తరం తెస్తే చూస్తారట. లేకపోతే రెండో మనిషికి ఇచ్చేస్తారు."

"ఎవరి ఉత్తరం?"

"చెప్పకూడదంట."

"రెండో మనిషి ఎవరు?"

"మాస్టారి బావమరిది కూడా పెట్టాడు కదా అర్జీ. ఆయనే అనుకుంటా."

నేను అన్నది ఇంతే: "మరి నీ ఉత్తరాలు కొట్టింది మాస్టారేగా?"

ఒక్క ప్రశ్న. అది కూడా నెమ్మదిగా అడిగాను. కానీ మెట్ల కింద ముసలి వాచ్‌మన్ ఉన్నాడు, పై మెట్ల మీద రెండో అంతస్తు ఇల్లాలు ఉంది. సాయంత్రానికి నా ప్రశ్న జవాబుగా మారిపోయి, కాళ్ళూ చేతులూ వచ్చి, వీధంతా నడిచి తిరిగి మా ఇంటికే వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసే మా కోడలు డ్యూటీ నుంచి వస్తూనే, "విన్నారా అత్తయ్యా, టైపు మాస్టారు..." అని మొదలుపెట్టింది.

"విన్నాను. నేనే అన్నాను," అన్నాను.

"అనుకున్నా. ఆ వాసన మన ఇంటిదే అనిపించింది."

నిప్పు లేనిదే పొగ రాదని నేను నమ్ముతాను. అయితే నిప్పు ఎవరింట్లో ఉందో చూసి రావాలి కదా. గురువారం పొద్దున్నే జిరాక్సు తీయించుకునే నెపంతో, కరెంటు బిల్లు ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళాను. మాస్టారు బల్ల దగ్గర లేరు. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళారన్నారు షాపు వాళ్ళు. బల్ల మీద నల్ల అట్ట నోటుబుక్కు తెరిచి ఉంది.

మూసి ఉన్నది తెరవడం తప్పు. తెరిచి ఉన్నది చూడడం తప్పని నాకు ఎవరూ నేర్పలేదు.

పేజీ మీద నిచ్చెన బొమ్మ ఉంది. ఒక్కో మెట్టు మీద ఒక ఇంగ్లీషు మాట. పక్కన ఆయన సన్నటి అక్షరాలతో తెలుగులో ఏదో రాసుకున్నారు. ఐదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు నాది. మాటలు అర్థం కాకపోయినా అక్షరాల ఆకారం తెలుసు. బిల్లు వెనక్కి తిప్పి, ముగ్గేసినట్టు, ఆ మాటల్ని గీసుకున్నాను. పక్కనున్న తెలుగు కూడా దొరికినంత ఎక్కించుకున్నాను. మాస్టారు వచ్చేసరికి బుద్ధిమంతురాల్లా గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

"ఏం కావాలక్కయ్యగారూ?"

"బిల్లు జిరాక్సు."

ఆయన చెయ్యి చాచారు. బిల్లు వెనక నా దొంగ రాత ఉంది. "వద్దులెండి, ఇంకోటి తెస్తాను," అని వచ్చేశాను. తేలు కుట్టిన దొంగ నడక ఎలా ఉంటుందో ఆ పూట నా కాళ్ళకి తెలిసింది.

మా కోడలు ఆ బిల్లుని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. "ఇది అక్షరమా, చీమా?" అంది. చివరికి అన్నీ పోల్చింది. పైన ఉన్నది 'రికమెండ్'. మాస్టారి తెలుగు: తన పిల్లని ఆ మనిషి చేతిలో పెడతాడు. దాని కింద 'ఎండార్స్': పూచీ సంతకం, మునిగితే ఇద్దరూ మునుగుతారు. దాన్ని కొట్టేసి, పైకి జరపాలా అని ఒక ప్రశ్న గుర్తు. ఆ కింద 'సపోర్ట్': పక్కన నిలబడతాడు, పిలిస్తే వస్తాడు. 'అప్రూవ్' అన్నది మాత్రం నిచ్చెనకి బయట ఉంది. దాని పక్కన, పై అధికారి అనవలసిన మాట, ఇరుగుపొరుగు అంటే నవ్వుతారు, అని ఉంది. అట్టడుగు మెట్టు మీద 'నో అబ్జెక్షన్'.

"దానికేం రాశారు?"

"అడ్డు చెప్పడు. తలుపు తియ్యడు, వెయ్యడు."

"గోడ మీది పిల్లి అన్నమాట."

"మంచి మాటే అత్తయ్యా అది. మా ఆసుపత్రిలో రోజుకి పది కాగితాల మీద చూస్తాను."

"కాగితాల మీద బాగానే ఉంటుంది. నిన్ను కోడలిగా చేసుకునేటప్పుడు నాకేం అభ్యంతరం లేదు అని ఊరుకుని ఉంటే నీకెలా ఉండేది?"

మా కోడలు బిల్లు మీద నుంచి తలెత్తింది. "మీరు సరిగ్గా అదే అన్నారు అత్తయ్యా."

ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని పక్కన పెట్టాను. నా అనుమానం మాత్రం రెండింతలైంది. చూశారా, మాటల్లో మెట్లున్నాయని ఆయనకి తెలుసు. తెలిసినవాడే తొక్కగలడు. తెలియనివాడు పొరపాటున అడుగు మెట్టు మాట వేస్తే క్షమించవచ్చు. కొలిచి వేసేవాడు కావాలనే వేశాడు. ఇక బావమరిది సంగతి తేలిస్తే చాలు.

శుక్రవారం జల్లెడ అడగడానికి మాస్టారి ఇంటికి వెళ్ళాను. మా ఇంట్లో రెండు జల్లెడలున్నాయి. మాస్టారి భార్య బట్టలు మడత పెడుతోంది. నేను కూర్చుని ఒక దుప్పటి అంచు పట్టుకున్నాను. దుప్పటి రెండు వైపులా పట్టుకున్న ఆడవాళ్ళు అబద్ధం చెప్పుకోలేరు, దగ్గరికి నడిచినప్పుడల్లా మొహం మొహం చూసుకోవాలి.

"మీ తమ్ముడికి స్కూలు ఉద్యోగం వచ్చేలా ఉందటగా," అన్నాను.

"వస్తే వాడి అదృష్టం వల్ల రావాలి, ఈయన వల్ల కాదు," అందావిడ. దుప్పటి విసురుగా లాగింది. "సొంత బావమరిదికి నాలుగు మంచి ముక్కలు కొట్టమన్నాను, వదినా. ఈయనేమన్నారో తెలుసా? వాడికి సాయంత్రమైతే ఎదురు బండి దీపాలు రెండు నాలుగులా కనిపిస్తాయట, వాడే చెప్పాడట. పిల్లల బండికి వాణ్ణి బలపరచను, కావాలంటే ఇంకెక్కడైనా కొట్టించుకోమను అన్నారు. మా తమ్ముడు మా గడప తొక్కి నెలయింది."

నేను దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఇంకెక్కడో కొట్టించుకున్నాడా?"

"ఆ. అక్కడ ఎంత పెద్ద మాట అడిగితే అంత పెద్ద మాట వేస్తారంట. నిజమా కాదా అని అడిగేవాడు లేడు."

"మరి మాస్టారు అడుగుతారా? ఏం అడుగుతారు?"

ఆవిడ దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుని మడత పూర్తి చేసింది. చెప్పాలా వద్దా అని చూసింది. చెప్పింది.

పెళ్ళయిన కొత్తల్లో మాస్టారి ఆఫీసరు ఒక బాయిలరు ఆపరేటరుకి ఉత్తరమివ్వమని చెప్పాడట. ఆఫీసరుకి ఆ మనిషి మొహం కూడా తెలియదు, ఎవరో బంధువు అడిగితే సరేనన్నాడు. మంచివాడని రాసెయ్, అని వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఒకరోజు బాయిలరు దగ్గర నిద్రపోయాడు. ఆవిరి ఎగదన్ని ఇద్దరు పనివాళ్ళకి కాళ్ళు కాలాయి. విచారణలో ఆ ఉత్తరం బయటికొచ్చింది. నేను మామూలు ఉత్తరమే రాయమన్నాను, ఇంత పెద్ద మాట వేసింది టైపిస్టు, అన్నాడు ఆఫీసరు. మాస్టారిని నాలుగు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు.

"అన్యాయం. చేసింది ఆఫీసరూ, పడింది ఈయనా," అన్నాను.

"అలా అంటే ఈయన ఒప్పుకోరు," అందావిడ. "ఆ మాట వేసింది నిజంగా ఈయనేనట. చిన్న మాట బోసిగా ఉందనిపించి, పెద్దది బాగుంటుందని తీసి వేశారట. అప్పట్నుంచీ ఎవరొచ్చినా మాట వేసేముందు ఒకటడుగుతారు. వాళ్ళు నోటితో ఏమంటే ఆ మెట్టు మాటే కొడతారు. పైదీ వెయ్యరు, కిందదీ వెయ్యరు. ఇప్పటికీ కాళ్ళు కాలిన ఆ ఇద్దరిలో ఒకాయన ఈ దారిన కర్రతో నడిచి వెళ్తుంటే ఈయన లేచి నిలబడతారు."

జల్లెడ తీసుకోవడం మరచిపోయి వచ్చేశాను.

బావమరిది కథ అక్కడితో చచ్చిపోయింది. కానీ అడుగు మెట్టు మాట ఎవరి ఉత్తరంలోనో ఉండి తీరాలి కదా. మాస్టారు కాకపోతే, మాస్టారి ఎదుట కూర్చుని తప్పించుకున్న మనిషి ఎవరో ఉన్నారు. నా వేలు ప్రెసిడెంటు వైపు తిరిగింది. ఆయన ప్రతి సమావేశంలోనూ చూద్దాం అంటాడు. లిఫ్టు బాగుచేయించడం గురించి మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

శనివారం పొద్దున మందుల షాపు మీదుగా వెళ్ళాను. షాపాయన తలనొప్పి మాత్రలు ఇస్తూనే చెప్పాడు. "నన్నడిగారండీ. రాత్రి ఎవరైనా బిడ్డకి జ్వరమొస్తే ఆ అమ్మాయి వ్యానులో ఆసుపత్రికి పంపుతారా అని. మా పెద్దవాణ్ణి పోయిన వర్షాకాలం అలాగే తీసుకెళ్ళింది, మళ్ళీ పంపుతాను అన్నాను. ఆయన టకటకా కొట్టేశారు."

ప్రెసిడెంటు బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"మీరు మాస్టారి దగ్గర ఏమన్నారు?" అన్నాను. చుట్టూ తిప్పే ఓపిక అయిపోయింది.

"ఎవరి గురించి?"

"గేరు గురించి. చూద్దాం అన్నారా?"

"మీరెప్పుడూ నన్ను అనుమానిస్తారేంటండీ," అన్నాడు నొచ్చుకుని. లోపలికి వెళ్ళి తన ఉత్తరం నకలు తెచ్చి చేతిలో పెట్టాడు. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ నకలు దాచే మనిషి. "మనవణ్ణి ఎక్కిస్తారా అని అడిగారు. వాడు పొరుగూళ్ళో ఉంటాడు, ఎక్కించను అని చెప్పలేను, ఎక్కిస్తానని చెప్పలేను, కానీ స్కూలు వాళ్ళు పిలిస్తే నేనే వెళ్ళి ఆ పిల్ల తరఫున మాట్లాడతాను అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి ఈ మాట వేశారు."

నిచ్చెన మీద నేను ముగ్గులా గీసుకున్న ఆకారమే. సపోర్ట్. అట్టడుగుది కాదు.

"మరి మిమ్మల్నేమడిగారు?" అన్నాడు ప్రెసిడెంటు, నీళ్ళ చెంబు పట్టుకుని.

"నన్నా? నన్నేం అడగలేదు," అన్నాను.

మెట్లు దిగుతుంటే ఒక మెట్టు మీద కాలు ఆగింది. ఏదో అడిగినట్టు లీలగా ఉంది. నేను లేచి సంచీ సర్దుకుంటున్నాను. ఆయన ఏదో అన్నారు. నేను ఏదో అన్నాను. కొళాయి గురించి చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఆ చివరి మాట మాత్రం గుర్తు రావడం లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ఎందుకో భుజం మీద కొంగు సర్దుకుంది.

వీధి చివర గేరు రొట్టెల వ్యాను కడుగుతోంది. నన్ను చూసి చెయ్యెత్తింది.

"ఎవరైనా దొరికారా మామ్మా, ఇంకో ఉత్తరానికి? సోమవారం పొద్దుటికల్లా ఇవ్వాలి."

"చూస్తున్నానే," అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట ప్రెసిడెంటుదిలా వినిపించింది.

ఆ పిల్ల చక్రాల మీది బురద పాత గుడ్డతో తుడుస్తోంది. నలభై షాపుల రొట్టెలు దింపిన వ్యాను, ఎక్కడా ఒక గీత లేదు. వ్యాను అద్దానికి ఉన్న చిన్న పగులు కూడా దాని పని కాదు, ఎవరో రాయి విసిరారు. ఆ సంగతి కూడా నాకు తెలుసు. నాకు అన్నీ తెలుసు.

జిరాక్సు షాపులో మాస్టారు ఒక్కరే ఉన్నారు. పుకారు తిరిగినప్పట్నుంచీ ఆయన ఎదుటి స్టూలు ఖాళీగానే ఉంటోంది. వీధివాళ్ళు రెండు వీధులవతలికి నడిచి వెళ్ళి కొట్టించుకుంటున్నారు. ఆ స్టూలు మీద కూర్చున్నాను. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను కానీ అడగవలసిన మనిషిని అడగలేదు. అడిగాను.

"మాస్టారూ, ఆ అమ్మాయి ఉత్తరాల్లో అడుగు మెట్టు మాట ఒకటుంది. అది ఎవరికి వేశారు? ఎందుకు వేశారు?"

ఆయన కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. ఈసారి నేను ఆ తుడుపుని అనుమానించలేదు, అది అయిపోకుండా ఉంటే బాగుండుననుకున్నాను. బల్ల కింద నుంచి ఒక ఫైలు తీసి, అందులో ఒక కాగితం పైకి తెచ్చి, దాని అంచున తెలుగులో రాసుకున్న రెండు లైన్ల మీద వేలు పెట్టారు.

"మీకే వేశానక్కయ్యగారూ. మీ మనవరాలు ఆ స్కూల్లోనే చదువుతోంది కదా, ఈ అమ్మాయి నడిపే వ్యాను ఎక్కిస్తారా అని అడిగాను. దాన్ని వాళ్ళ నాన్న స్కూటరు మీద దింపుతాడులెండి, మిగతా పిల్లలంటారా, నాకేం అభ్యంతరం అన్నారు. అరగంట చెప్పినదంతా కొట్టాను, ఒక్క ముక్క వదల్లేదు. కానీ చివరి మాట మాత్రం మీరిచ్చిందే వెయ్యాలి, నాకు నచ్చింది వేసే హక్కు నాకు లేదు. వీధిలో నా గురించి ఏమనుకుంటున్నారో విన్నాను. మీ ఉత్తరంలో ఏముందో బయటికి చెప్పడం నా పని కాదు, అందుకే ఊరుకున్నాను. ఇప్పుడు మీరే అడిగారు కాబట్టి చెప్పాను. సోమవారం ఇంకా రాలేదు. కంప్యూటర్లో కొత్త కాగితం తెరిచి ఉంచాను, పైన తేదీ కూడా కొట్టాను. కొళాయి సంగతీ చెవిపోగు సంగతీ మళ్ళీ చెప్పక్కర్లేదు, అవి నా దగ్గరున్నాయి. ఒక్కటి చెప్పండి చాలు. మీ మనవరాలిని ఎక్కిస్తారా?"